‘బాగుండా నాయనా’... నేను ఎక్కువసార్లు చెప్పిన అబద్ధం

నా మొదటి విదేశం ఆత్మకూరు.

నవ్వకండి. ఉదయగిరిలో పదో తరగతి అయ్యాక ఇంటర్ కోసం నాయన నన్ను ఆత్మకూరులో పిన్నివాళ్ళ ఇంట్లో ఉంచాడు. నెల్లూరు జిల్లా పడమటి వైపు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, రెండు ఊళ్ళకీ మధ్య ఒక్క బస్సు ప్రయాణమే. అయినా మొదటి నెలంతా నాకు అది వేరే దేశంలాగే ఉండేది. కాలేజీ అయ్యాక బస్టాండుకి వెళ్ళేదాన్ని. ఉదయగిరి బోర్డున్న బస్సు వచ్చేదాకా నిలబడి, అది కదిలాక ఇంటికొచ్చేసేదాన్ని. ఎక్కేదాన్ని కాదు. ఊరికే చూడ్డానికి.

రాత్రి నాయన ఫోన్ చేసేవాడు.

“ఎట్టుండావు పాపా?”

“బాగుండా నాయనా. మీరెట్టుండారు?”

“మేం బాగుండాం.”

అంతే. నిమిషం కూడా పట్టేది కాదు. ఐదేళ్ళ తర్వాత ఏడు వేల కిలోమీటర్ల దూరంలో కూర్చుని మళ్ళీ అవే మూడు ముక్కలు మాట్లాడుకున్నాం. ఈసారి రెండు వైపులా అబద్ధమే.

సీటు ఫ్రీ, బతుకు ఫ్రీ కాదు

నేను ఇంజనీరింగ్ ఫైనలియర్‌కి వచ్చేసరికి మా కాలేజీకి జర్మనీలో ఒక యూనివర్సిటీతో ఎక్స్ఛేంజ్ ఒప్పందం ఉంది. ఒక సెమిస్టర్ అక్కడ చదవొచ్చు, ఆ క్రెడిట్లు ఇక్కడ కలుపుతారు, అక్కడ ట్యూషన్ ఫీజు కట్టక్కర్లేదు. ఊరు డ్రెస్డెన్. తూర్పు జర్మనీలో, ఎల్బే నది ఒడ్డున. 2018 అక్టోబరు నుంచి 2019 మార్చి దాకా, వాళ్ళ లెక్కలో చలికాలపు సెమిస్టర్. రెండే సీట్లు. ఒకటి నాకొచ్చింది.

ఫీజు లేదన్నారు కదా అని ఇంట్లో అందరం సంబరపడ్డాం. తర్వాత బ్లాక్డ్ అకౌంట్ సంగతి తెలిసింది. అక్కడ బతకడానికి సరిపడా డబ్బు మన దగ్గరుందని వీసాకి ముందే చూపించాలి. చూపించి వెనక్కి తీసుకోవడం కుదరదు. ఆ డబ్బు అకౌంట్‌లో పెట్టేస్తే, అక్కడికి వెళ్ళాక నెలకింత అని మాత్రమే బయటికొస్తుంది. అప్పట్లో నెలకి 720 యూరోలు. ఆరు నెలలకి 4,320. యూరో ఎనభై రూపాయలు దాటిన రోజులవి. మూడున్నర లక్షల పైమాటే.

మాకు దుర్గం కింద నాలుగెకరాల చేను, ఒక బోరు, నాలుగు బర్రెలు. అదీ మా ఆస్తి. పది రోజుల్లో నాయన డబ్బు తెచ్చాడు.

“యాడ తెచ్చావు నాయనా?”

“నీకెందుకు? తెచ్చాగా, పోయి చదువుకో.”

నేను మళ్ళీ అడగలేదు. అడిగితే వెళ్ళలేనేమో అని భయం. ఆ మాట ఇప్పుడు ఒప్పుకుంటున్నా.

అప్పట్లో మన రెండు తెలుగు రాష్ట్రాలకీ జర్మన్ వీసా చెన్నై కాన్సులేట్ నుంచే వచ్చేది. పని ముగించుకుని తిరిగి బస్సులో వస్తుంటే నాయన ఒక కథ చెప్పాడు. మా ఊరి కోటని శ్రీకృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడించి 1514లో గెలిచాడు. పోతూ పోతూ మా బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్ళాడు. అక్కడ గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది.

“చూడు, మనూరి నుంచి పోయినోడు మళ్ళీ రాలా” అన్నాడు నాయన. జోకే అనుకున్నా.

మొదటి ఆదివారం

బ్యాగులో 23 కిలోలు. అందులో చెనిక్కాయల పొడి, కారప్పొడి, రెండు స్వెట్టర్లు, ఇంకా డజను ఉదయగిరి చెక్క గరిటెలు. మా ఊరి దిలావర్ భాయ్ వీధిలో ఆడవాళ్ళు చెక్కతో స్పూన్లు, ఫోర్కులు, గరిటెలు చేస్తారు. దుర్గం కొండల్లో దొరికే నర్ది, బిక్కి లాంటి చెక్క. భౌగోళిక గుర్తింపు కూడా ఉన్న పని అది. ఎవరికైనా బహుమతి ఇవ్వాలంటే మా ఊళ్ళో దొరికే మంచి వస్తువు అదే.

శనివారం సాయంత్రం డ్రెస్డెన్‌లో రైలు దిగా. హాస్టల్ గది తాళం తీసుకునేసరికి ఒంట్లో ఓపిక లేదు. సరుకులు రేపు కొనుక్కుందాంలే అని పడుకున్నా. రేపు ఆదివారం. జర్మనీలో ఆదివారం సూపర్ మార్కెట్లు మూసేస్తారు. ఒకటి రెండు కాదు, అన్నీ. పెద్ద రైల్వే స్టేషన్లలో మాత్రం కొన్ని షాపులు తీసి ఉంటాయని అప్పటికి నాకు తెలీదు. గంటన్నర తిరిగి గదికొచ్చి, విమానంలో ఇచ్చిన బిస్కెట్ల మీద చెనిక్కాయల పొడి చల్లుకుని తిన్నా.

అప్పుడే ఫోన్.

“తిన్న్యావా పాపా?”

“తిన్నా నాయనా. అన్నం, పప్పు.”

మొదటి రోజే మొదలైంది చూడండి. సోమవారం కొంచెమే కొన్నా, బుధవారం మళ్ళీ కొనచ్చులే అని. బుధవారం అక్టోబరు 3. రెండు జర్మనీలు ఒకటైన రోజు, దేశమంతా సెలవు. మళ్ళీ షాపులు బంద్. ఆ దెబ్బకి నా గదిలో బియ్యం, పప్పు నిల్వ పెట్టడం నేర్చుకున్నా. ఇప్పటికీ ఆ అలవాటు పోలేదు.

బాగున్న రోజులు చాలానే

అంతా ఏడుపే అనుకోకండి. మొదటి రెండు నెలలు నిజంగా పండగ.

మొదటి క్లాసు అయిపోగానే స్టూడెంట్లందరూ పిడికిళ్ళతో బల్లల మీద దబదబా కొట్టారు. ప్రొఫెసర్ మీద కోపమొచ్చిందేమో, స్ట్రైకేమో అనుకుని బ్యాగు సర్దుకున్నా. అది అక్కడి చప్పట్లట. ఆయనేమో నవ్వుతూ లాప్‌టాప్ మూసుకున్నాడు.

రాత్రి పన్నెండింటికి రోడ్డు మీద ఒక్క బండి లేదు, అయినా రెడ్ లైట్ పడితే జనం నిలబడతారు. ఒకసారి దాటేయబోతే పక్కనున్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఖాళీ ప్లాస్టిక్ నీళ్ళ సీసాని షాపులో మెషీన్‌లో వేస్తే 25 సెంట్లు వెనక్కిస్తారు. కొన్నప్పుడే ఆ డిపాజిట్ తీసుకుంటారన్నమాట. నెలాఖర్లో మా ఫ్లాట్ వాళ్ళందరం సీసాలు పోగేసి, ఆ డబ్బుతో పాస్తా కొనేవాళ్ళం.

ఫ్లాట్‌లో నలుగురం. కొలంబియా అమ్మాయి, పోలండ్ అబ్బాయి, జర్మన్ అబ్బాయి, నేను. వంటిల్లు ఒకటే. నేను తాలింపు వేసిన మొదటి రోజు పోలండ్ అబ్బాయి దగ్గుకుంటూ కిటికీలన్నీ తీశాడు. నవంబరుకొచ్చేసరికి తనే ‘ఈ రోజు ఆ నల్ల గింజలు పేలుస్తావా?’ అని అడిగేవాడు. ఆవాల గురించి అంత మర్యాదగా ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. ముగ్గురికీ మా ఊరి గరిటెలు తలా రెండు ఇచ్చా.

సెమిస్టర్ ఫీజులోనే ట్రామ్ పాసు, చుట్టుపక్కల తిరగడానికి రైలు పాసు కూడా ఉండేవి. ఎక్కడికి కావాలంటే అక్కడికి. ఫోటోలు తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేదాన్ని. అవ్వ వాయిస్ మెసేజ్ పెట్టేది: “చలి కోటు బిగించుకో మే, బొమ్మలోనే వణుకు పుడతాంది.”

నాలుగింటికే చీకటి

అక్టోబరు 28న గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పారు. అంతకుముందు ఇంటికీ నాకూ మూడున్నర గంటల తేడా ఉండేది, అది నాలుగున్నరయింది. చిన్న విషయమే. కానీ ఆ రోజు నుంచి సాయంత్రం అనేది లేకుండా పోయింది. డిసెంబరుకి సాయంత్రం నాలుగింటికే చీకటి. పొద్దున ఎనిమిదైతే గానీ తెల్లారదు. ఆ పగలు కూడా బూడిద రంగులో ఉంటుంది. ఎండ కోసం మనం నీడలోంచి బయటికి రావాల్సి వస్తుందని ఉదయగిరిలో పుట్టినవాళ్ళకి ఎవరు చెప్తారు?

మొదట నిద్ర పాడైంది. తర్వాత ఎనిమిదింటి క్లాసు పోయింది. తర్వాత పదింటి క్లాసు కూడా. అక్కడ అటెండెన్స్ అడిగేవాళ్ళుండరు. మన కాలేజీల్లో అయితే 75 శాతం తగ్గితే ఇంటికి ఫోనొస్తుంది, స్నేహితులు తలుపు బాదుతారు. అక్కడ నువ్వు పెద్దదానివి, నీ ఇష్టం. ఆ గౌరవం బాగానే ఉంటుంది గానీ, మంచం మీద నుంచి లేవలేని రోజు ఆ గౌరవం ఏం చేసుకోను?

నాకేమైందో నాకే అర్థం కాలేదు. జ్వరం లేదు, నొప్పి లేదు. ఫ్లాట్‌మేట్లు పలకరిస్తే తల నొప్పి అనేదాన్ని. ఆదివారం మధ్యాహ్నం ఒంటి గంటకి మాత్రం మొహం కడుక్కుని, దీపం వెలుతురులో కూర్చుని వీడియో కాల్ చేసేదాన్ని. ఇంట్లో అప్పుడు సాయంత్రం ఐదున్నర.

“ఎట్టుండావు పాపా?”

“బాగుండా నాయనా.”

“మేం కూడా బాగుండాం.”

కొండ ఊరి అవ్వ

క్రిస్మస్‌కి హాస్టల్ ఖాళీ అయిపోయింది. డిసెంబరు 25, 26 రెండు రోజులూ సెలవు, క్యాంటీన్ మూత. జర్మన్ ఫ్లాట్‌మేట్ ‘ఒక్కదానివే ఏం చేస్తావు, మా అవ్వ వాళ్ళ ఊరు రా’ అన్నాడు. డ్రెస్డెన్‌కి దక్షిణంగా ఎర్ట్స్‌గెబిర్గె అనే కొండలు. ఖనిజాల కొండలు అని అర్థం. ఆ కొండల్లో జైఫెన్ అనే పల్లె ఉంది. దాని పక్కన వాళ్ళ ఊరు.

రైలు దిగి బస్సెక్కేసరికి మంచు. ప్రతి కిటికీలోనూ చెక్కతో చేసిన అర్ధచంద్రాకారపు దీపాల తోరణం వెలుగుతోంది. ఒక్క ఇల్లు కూడా వదలకుండా. పూర్వం అక్కడివాళ్ళు తగరపు గనుల్లో పనిచేసేవాళ్ళు. చలికాలంలో తెల్లారకముందే గనిలోకి దిగి, పొద్దు గుంకాక పైకి వచ్చేవాళ్ళు. వాళ్ళకి వెలుగంటే ఎంత అపురూపమో ఆ కిటికీలు చూస్తే తెలుస్తుంది. గనుల్లో తగరం తగ్గిపోయాక జనం చెక్కపని పట్టుకున్నారు. బొమ్మలు, నట్‌క్రాకర్లు, తోరణాలు. అక్కడ ఒక విద్య ఉంది, చూస్తే నోరు తెరుస్తారు: గుండ్రటి చెక్క రింగుని లేత్ మీద తిప్పుతూ చెక్కుతారు, తర్వాత కేకు కోసినట్టు ముక్కలుగా చీలుస్తారు. ఒక్కో ముక్క ఒక్కో గుర్రం! రింగుగా ఉన్నప్పుడు గుర్రం ఎక్కడా కనపడదు.

ఆ అవ్వకి ఎనభై పైన ఉంటాయి. నేనిచ్చిన గరిటెని వెనక్కి తిప్పి చూసింది, చెక్క గీతల మీద వేలు రాసింది, వాసన చూసింది. మనవడితో ఏదో అంది. “ఇది చేసినావిడకి పని వచ్చు అంటోంది” అని చెప్పాడు. దిలావర్ భాయ్ వీధిలో ఎవరో అరుగు మీద కూర్చుని చేసిన గరిటెకి అంతకన్నా మంచి సర్టిఫికెట్ ఏముంటుంది?

భోజనాల దగ్గర అవ్వ నన్ను అడిగింది, ఇంటికి ఫోన్ చేస్తున్నావా అని. ప్రతి ఆదివారం అన్నా. ఏం చెప్తావు అంది. బాగున్నానని చెప్తానన్నా. అప్పుడు తన కొడుకు గురించి చెప్పింది. 1990లో రెండు జర్మనీలు కలిశాక ఈ తూర్పు వైపు ఫ్యాక్టరీలు చాలా మూతపడ్డాయి. కుర్రాళ్ళు పనికోసం పడమటికి వెళ్ళిపోయారు. ఈవిడ కొడుకూ వెళ్ళాడు. ఒకే దేశం, ఒకే భాష, అయినా అక్కడ ఒంటరివాడే. ఫోన్‌లో ఎప్పుడూ బాగున్నా అనేవాడట.

“మరి మీకెట్లా తెలిసేది?” అని అడిగా.

“బాగున్న రోజు వాడు ఏం తిన్నాడో చెప్పేవాడు. బాగాలేని రోజు వాతావరణం గురించి మాట్లాడేవాడు” అంది.

మనవడు అది తర్జుమా చేసి నవ్వాడు. నేనూ నవ్వా. తిరుగు ప్రయాణంలో మాత్రం ఒక ఆలోచన పట్టుకుంది. మా నాయన రైతు. ఏ ఫోన్ అయినా వానతోనే మొదలుపెడతాడు. పడిందా, పడలేదా, మబ్బు పట్టి పోయిందా. అలాంటి నాయన వాన మాట ఎత్తి ఎన్నాళ్ళయింది?

లెక్కేసుకుంటే దాదాపు రెండు నెలలు.

ముగ్గు వెనకాల

అప్పుడైనా అడగాలి కదా. అడగలేదు. ఎందుకంటే ఈలోపు నా కొంప మునిగింది.

అక్కడ పరీక్ష రాయాలంటే ప్రతి సబ్జెక్టుకీ మనమే ఆన్‌లైన్‌లో విడిగా నమోదు చేసుకోవాలి. గడువు దాటితే అంతే. మన దగ్గరలా ఫీజు కడితే హాల్‌టికెట్ దానంతటదే రాదు. డిసెంబరులో మెయిల్ వచ్చింది. జర్మన్‌లో ఉంది, తర్వాత అనువాదం పెట్టి చదువుదాంలే అనుకున్నా. నాలుగు సబ్జెక్టుల్లో మూడింటికి ఎప్పుడో చేసేశా. నాలుగోదాని గడువు జనవరి మొదటి వారంలో అయిపోయింది. నాకు తెలిసింది మూడు రోజుల తర్వాత. అడిగితే వచ్చే సెమిస్టర్‌లో రాసుకోమన్నారు. వచ్చే సెమిస్టర్‌కి నేనక్కడ ఉండను. తప్పు నూటికి నూరు పాళ్ళు నాదే.

అంటే ఇండియాకి ఒక బ్యాక్‌లాగ్‌తో వెళ్తా. బ్యాక్‌లాగ్ ఉంటే క్యాంపస్ ప్లేస్‌మెంట్లలో కూర్చోనివ్వరు. మూడున్నర లక్షలు పెట్టి నేను కొనుక్కున్నది ఇదా? రెండు రాత్రులు నిద్ర లేదు. అమ్మకి మెసేజ్ టైప్ చేసి చెరిపేశా, మళ్ళీ టైప్ చేసి మళ్ళీ చెరిపేశా.

జనవరి 15, సంక్రాంతి. పొద్దున్నే లేచి ఫోన్ చూస్తే ఫ్యామిలీ గ్రూపులో చెల్లి పెట్టిన ఫోటోలు. ఇంటిముందు పెద్ద రథం ముగ్గు, మధ్యలో గొబ్బెమ్మలు, పక్కన అవ్వ. ముగ్గు బాగా చూద్దామని వేళ్ళతో పెద్దది చేశా. వెనకాల కొట్టం కనపడింది.

కొట్టంలో ఏమీ లేదు. పలుపుతాళ్ళు గుంజలకి చుట్టి ఉన్నాయి. నేల పొడిగా ఉంది. పండగ రోజు మా బర్రెలకి కొమ్ములకి రంగులేస్తాం. ఆ రోజు అవి కొట్టంలో లేకపోవడం అనేది ఉండదు.

ఆదివారం దాకా ఆగలేదు. వెంటనే ఫోన్ చేశా.

“నాయనా, బర్రెలేవి?”

అటువైపు చాలాసేపు చప్పుడు లేదు. నెట్ పోయిందేమో అనుకున్నా.

“అమ్మేసినాం పాపా.”

“ఎప్పుడు?”

“దీపావళప్పుడు. మేత లేదు. బోరు ఎండిపాయె. వానల్లేవు కదా. ఉంచి ఏం పెడతాం వాటికి? నీ డబ్బుల వడ్డీ కూడా కట్టాల్నాయె.”

నూటికి రెండు రూపాయల వడ్డీ. అప్పటిదాకా నాకు ఆ సంగతే తెలీదు. పాలకేంద్రానికి పోసే పాలతోనే మా ఇల్లు గడిచేది. రెండు నెలల నుంచి నాయన వేరేవాళ్ళ తోటలో కూలికి వెళ్తున్నాడు. ఇద్దరూ ప్రతి ఆదివారం నా ముందు కూర్చుని మేం బాగుండాం అంటున్నారు.

“నాకెందుకు చెప్పలేదు?” అని అరిచా. నిజంగానే అరిచా.

“చెప్తే ఏం జేస్తావు? వచ్చేస్తానంటావు.”

ఆ మాటకి నాకు జవాబు దొరకలేదు. ఎందుకంటే నేను చెప్పకపోవడానికీ అదే కారణం. చెప్తే ఏం చేస్తారు? వచ్చెయ్యమంటారు. ఏడుస్తూ నా సంగతంతా చెప్పేశా. చీకటి, మంచం, పోయిన క్లాసులు, మిస్సయిన పరీక్ష, బ్యాక్‌లాగ్. అన్నం, పప్పు కాదు, బిస్కెట్లు తిన్నానని కూడా.

నాయన తిడతాడనుకున్నా. అమ్మ ఫోన్ లాక్కుంది. “మొగం జూసినప్పుడే అనుకున్న్యా మే నేను. దీపం పెట్టుకోని కూసుంటే తెలీదనుకున్న్యావా?” అంది. ఇద్దరం ఒకేసారి నవ్వాం, ఒకేసారి ఏడ్చాం. కాల్ గంటా పది నిమిషాలు. అంతకుముందు రికార్డు తొమ్మిది నిమిషాలు.

ఆ రోజు మా ఇంట్లో ఒక రూలు పుట్టింది. ఫోన్ చేసిన ప్రతిసారీ ఒక మంచి, ఒక చెడ్డ చెప్పాలి. రెండూ తప్పనిసరి. చెడ్డ చెప్పకుండా ఫోన్ పెట్టేయకూడదు. దానికి పరిష్కారం చెప్పాల్సిన పని అవతలివాళ్ళకి లేదు. వింటే చాలు.

తర్వాత ఏమైంది?

సినిమాలోలాగా ఏమీ మారిపోలేదు. బోరులోకి నీళ్ళు రాలేదు, గడువు మళ్ళీ తెరవలేదు. కానీ ఆ వారమే నేను స్టూడెంట్ల కోసం ఉండే ఉచిత కౌన్సెలింగ్‌కి వెళ్ళా. ఎండ లేని చలికాలంలో చాలామందికి ఇలా అవుతుందని, దానికి పేరుందని, పగలు కాసేపైనా బయట నడవాలని చెప్పారు. కొలంబియా అమ్మాయికి నా గది తలుపు బాదే బాధ్యత అప్పగించా. తను రోజూ ఏడున్నరకి మా ఊరి గరిటెతోనే బాదేది.

ఫిబ్రవరిలో మూడు పరీక్షలు రాశా. ఒకదాంట్లో 1.7 వచ్చింది. ఆనందంగా ఫోన్ చేశా.

“పదికి 1.7 నా?” అన్నాడు నాయన, గొంతు పడిపోయి. “పర్లేదులే పాపా, చెడ్డ ముందు చెప్పావు. మంచేంది?”

జర్మనీలో 1.0 అంటే ఫస్టు, 5.0 అంటే ఫెయిలని చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. ఆయన ఇప్పటికీ పూర్తిగా నమ్మలేదు.

మార్చిలో తిరిగొచ్చా. బ్యాక్‌లాగ్ సబ్జెక్టు జూనియర్లతో కూర్చుని రాశా. క్యాంపస్ ప్లేస్‌మెంట్ పోయింది. ఎనిమిది నెలలు తిరిగాక బెంగళూరులో చిన్న కంపెనీలో ఉద్యోగం దొరికింది. అప్పు తీరడానికి రెండేళ్ళు పట్టింది. 2021లో మా కొట్టంలోకి మళ్ళీ ఒక బర్రె వచ్చింది. నాలుగు కొందాం అంటే నాయన ఒద్దన్నాడు. “ఒకటి చాల్లే. నువ్వు లేనప్పుడు నాలుగింటికి మేతెవరు కోస్తారు?”

వెళ్ళినందుకు బాధపడుతున్నావా అని చాలామంది అడుగుతారు. లేదు. మళ్ళీ వెళ్ళమన్నా వెళ్తా. ఈసారి చెప్పాల్సినవి చెప్పి, అడగాల్సినవి అడిగి వెళ్తా. ఆ రోజు చెన్నై బస్సులో నాయన జోకేశాడనుకున్నా కానీ, పోయినోళ్ళు మళ్ళీ రారేమో అన్నది ఆయన భయం. అది కూడా ఆ రోజే అడిగి ఉండాల్సింది.

వెళ్ళే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ

నేను వెళ్ళిన ఏడాది జర్మనీలో మన దేశపు విద్యార్థులు ఇరవై వేల చిల్లర. 2023-24 చలికాలపు సెమిస్టర్‌కి 49 వేలు దాటారు. విదేశీ విద్యార్థుల్లో మనవాళ్ళదే ఇప్పుడు మొదటి స్థానం. అందులో మీరూ ఉంటే ఈ నాలుగు ముక్కలు గుర్తుపెట్టుకోండి.

* బ్లాక్డ్ అకౌంట్ మొత్తం పెరుగుతూ ఉంటుంది. 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు, అంటే నెలకి 992. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో, వడ్డీ ఎంతో ఇంట్లో అడిగి తెలుసుకోండి. తెలిస్తే ఖర్చు పెట్టే చెయ్యి దానంతటదే ఆగుతుంది.

* దిగిన రోజే, షాపు మూసేలోపు రెండు రోజుల తిండి కొనుక్కోండి. ఆదివారాలు, సెలవులు ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి.

* యూనివర్సిటీ మెయిల్ ఏ భాషలో ఉన్నా ఆ రోజే చదవండి. పరీక్ష నమోదు అయ్యాక స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

* నవంబరు రాకముందే ఒక మనిషిని చూసుకోండి, రోజూ మీ తలుపు కొట్టేవాళ్ళని. యూనివర్సిటీల్లో విద్యార్థులకి ఉచిత కౌన్సెలింగ్ ఉంటుంది. మొహమాటపడకండి.

* ఇంటికి ఫోన్ చేస్తే ఒక మంచి, ఒక చెడ్డ.

ఇప్పుడు నేను బెంగళూరులో ఉన్నా. ఆ రూలు మాత్రం అలాగే ఉంది. పోయిన ఆదివారం నాయన ఫోన్ చేశాడు. మంచేంటంటే వాన పడింది, బోరులో నీళ్ళు పైకొచ్చాయి, బర్రె ఈనింది, దూడ పెయ్యే.

“మరి చెడ్డ?” అని అడిగా.

కాసేపు ఆలోచించాడు.

“అంతకుముందు ఆదివారం నువ్వు ఫోన్ జేయలా. అదే.”